గడపకు అడ్డం

మీరిమ్‌ను సంతలోంచి పెళ్లికి ఎత్తుకెళ్లారని తెలియగానే సైరా నారిన్ నది దాటి ఆ పెళ్లికొడుకు ఊరికి పరుగున వచ్చింది. అనాథాశ్రమం వదిలిన మీరిమ్ లాంటి ఆడపిల్లలకు నీడనిచ్చేది ఆవిడే. ఐదుపూటలా నమాజు చేస్తుంది, అందరూ నా కడుపున పుట్టినవాళ్లే అంటుంది.

లోపల ఆడవాళ్లు పెళ్లిముసుగు కప్పబోతుంటే మీరిమ్ పెనుగులాడుతోంది. వాకిట్లో సైరాను చూసి "అమ్మా!" అంటూ ఉరికింది. అంతలో పెళ్లికొడుకు నానమ్మ గడపకు అడ్డంగా పడుకుంది. ముసలిదాన్ని దాటిన పిల్ల జన్మంతా ఏడుస్తుందని అక్కడందరి నమ్మకం.

"లేవండి అవ్వా, దేవుడు మెచ్చడు," అంది సైరా.

"నాకా చెప్తున్నావే దేవుడి సంగతి? అమ్మా అయ్యా లేనిదాన్ని మావాడు చేసుకుంటున్నాడు. నీకూ పెళ్లీడు కొడుకున్నాడుగా! దీన్ని కోడల్ని చేసుకుంటానని అల్లా మీద ఒట్టెయ్, ఇప్పుడే లేస్తా."

ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. సైరా నోరు తెరిచింది. కొడుక్కి కుదిర్చిన మాస్టారి కూతురికి తన చేత్తోనే మొన్న నిశ్చితార్థపు చెవిపోగులు పెట్టి వచ్చింది. తెరిచిన నోరు మూసుకుంది.

మీరిమ్ ఆమె ముఖాన్నే కాసేపు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, ముసుగు పట్టుకున్నామె ముందు తనే తల వంచింది.