అత్తగారు ఎక్కితే దగ్గే కారు

ఆత్రేయపురం దగ్గర రైతు బంగార్రాజుకి ఒక పాత పెట్రోలు కారు ఉండేది. తొంభై ఏడు నాటికే దానికి ఇరవై రెండేళ్లు. ఆయన ఒక్కడూ రావులపాలెం వెళ్లొచ్చినా, భార్య వీరవేణిని రాజమండ్రి తీసుకెళ్లినా ఎక్కడా ఇబ్బంది పెట్టేది కాదు. ఇబ్బందల్లా అత్తగారు మహాలక్ష్మమ్మ ఎక్కినప్పుడే.

ఆవిడది పట్టిసీమ. నెలకోసారి బస్సులో కూతురింటికి వచ్చి నాలుగు రోజులుండేది. తిరిగి దిగబెట్టడం అల్లుడి పని. ఆవిడ వెనక సీట్లో కూర్చున్న రోజున కారు కాలవగట్టు ఎక్కబోయి ఊపిరి బిగబట్టేది. రెండు కుదుపులిచ్చి, దగ్గి, అప్పుడు కదిలేది. విజ్జేశ్వరం దాటేలోపు పది పన్నెండుసార్లు అదే వరస. మూడు నెలలు ఇలాగే జరిగింది.

పోనీ ఆవిడ బరువా అంటే, నలభై అయిదు కేజీలు మించదు. నోరు మాత్రం ఊరుకోదు. దారిపొడుగునా "అల్లుడుగారూ, లారీ. అల్లుడుగారూ, గేదె. అదిగో సైకిలు" అంటూ కనిపించినదల్లా చదివి వినిపించేది.

"మా అమ్మ ఎక్కితేనే ఆగిపోతోందంటే ఏంటండీ మీ ఉద్దేశం?" అంది వీరవేణి ఒకరోజు.

"నా ఉద్దేశం కాదే, కారు ఉద్దేశం" అన్నాడు బంగార్రాజు. ఆ రాత్రి ఆయనకి కూరలో ఉప్పు పడలేదు.

మర్నాడే రావులపాలెంలో చిట్టియ్య షెడ్డుకి వెళ్లాడు. చిట్టియ్య పాతికేళ్లుగా మెకానిక్కు. ఎవరి బండి తోలినా గుడ్ల మీద నడిచినట్టు తోలే మనిషి. ప్లగ్గులు తుడిచాడు, పెట్రోలు ఫిల్టరు మార్చాడు, కార్బొరేటర్ జెట్లు ఊది చూశాడు. ఒక రౌండు కొట్టొచ్చి, "బండి బాగానే ఉందండి" అన్నాడు.

బంగార్రాజు కాస్త సిగ్గుపడుతూ అత్తగారి సంగతి చెప్పాడు.

చిట్టియ్య నవ్వలేదు. "అయితే ఆవిణ్ణి కూడా తీసుకురావాలండి. జ్వరం వచ్చినప్పుడు చూస్తేనే కదండీ తెలిసేది."

పై నెల మహాలక్ష్మమ్మ తిరుగు ప్రయాణం రోజున వీరవేణితో సహా ముగ్గురూ షెడ్డు దగ్గర దిగారు. చిట్టియ్య ముందుగా ఆవిడ బరువుకి సరిపడా తవుడు బస్తా ఒకటి వెనక సీట్లో పెట్టించి, బంగార్రాజుని తోలమన్నాడు. కారు హాయిగా వెళ్లొచ్చింది. బస్తా దించి అత్తగారిని ఎక్కించారు. సందు తిరక్కుండానే కారు దగ్గింది.

"తవుడుపాటి చెయ్యలేదా నేను?" అంది మహాలక్ష్మమ్మ.

"ఉండండమ్మా" అని ఈసారి చిట్టియ్య తనే స్టీరింగు పట్టాడు. వెనక అత్తగారు, పక్కన బంగార్రాజు. కారు పువ్వులా వెళ్లింది. చిట్టియ్య బుర్ర గోక్కున్నాడు. బంగార్రాజుని మళ్లీ తోలమని, తను పక్క సీట్లో కూర్చుని, రోడ్డు మానేసి ఆయన కుడికాలి వంకే చూస్తూ కూర్చున్నాడు.

"అల్లుడుగారూ, ఆటో" అంది వెనకనుంచి మహాలక్ష్మమ్మ.

బంగార్రాజు కాలు ఎక్సలేటర్ మీద ధభీమని దిగింది. కారు దగ్గింది.

"ఆయ్, దొరికిందండి" అన్నాడు చిట్టియ్య.

షెడ్డుకి తిరిగొచ్చి బానెట్టు ఎత్తి, ఇంజను ఆపి, కార్బొరేటర్ మీది ఎయిర్ ఫిల్టరు తీశాడు. బంగార్రాజుని ఎక్సలేటర్ ఒక్కసారిగా తొక్కమన్నాడు. లోపల సన్నటి గొట్టంలోంచి పెట్రోలు దారంలా చిమ్మాల్సింది, చుక్కలు చుక్కలుగా కారింది.

"లోపల చిన్న పంపు ఉంటుందండి. దాని తోలు వాషరు ఎండిపోయింది. మెల్లగా తొక్కితే ఈ పంపుతో పనిలేదు. గట్టిగా తొక్కితే మాత్రం గాలి ముందు పోతుంది, పెట్రోలు వెనకబడుతుంది. అందుకే తడబడుతోంది."

"మరి మిగతా రోజుల్లో బాగానే ఉంటుందేం?" అంది వీరవేణి.

"మిగతా రోజుల్లో బాబుగారు మెల్లగా తొక్కుతారండి."



"అంటే నన్ను దింపేసి రావాలని మా అల్లుడుగారికి అంత తొందరన్నమాట" అంది మహాలక్ష్మమ్మ.

"అబ్బే, అది కాదండి అత్తయ్యగారూ. మీకు ఎండ తగులుతుందని."

"సాయంకాలం అయిదింటికి ఎండేంటి బాబూ?"

వీరవేణి వెళ్లి వాళ్లమ్మ పక్కన నిలబడింది. అది చూసి ఆయనకి ఇంకా భయం వేసింది.

కొత్త వాషరు పడ్డాక కారు కాలు పెడితే చాలు, ఉరికింది. బంగార్రాజు మాత్రం ఉరకనివ్వలేదు. తనకి తొందర లేదని రుజువు చెయ్యాలిగా. కొవ్వూరు దాటేసరికి చీకటి పడింది. పోలవరం రోడ్డులో గడ్డిమోపు కట్టుకున్న సైకిలు ఒకటి గంట కొట్టి వాళ్లని దాటిపోయింది.

"అల్లుడుగారూ, సైకిలు" అంది మహాలక్ష్మమ్మ. కాసేపాగి, "మీకు నామీద ప్రేమ ఉందని నమ్మాను లెండి. కాస్త తొక్కండి, ఆకలేస్తోంది" అంది.

పట్టిసీమలో ఆవిడ చేపల పులుసు వండి పెట్టింది. తెల్లారి బంగార్రాజు తాళాలు తీసుకుని లేస్తే, "ఏం తొందర బాబూ?" అంది. ఆయన కూర్చున్నాడు. మధ్యాహ్నం లేస్తే మళ్లీ అదే మాట. మళ్లీ కూర్చున్నాడు.

మూడో రోజుకి ఆయన అత్తగారి పెరట్లో పందిరి వేసి, దొడ్డి తలుపు బాగుచేసి, గోదారి ఒడ్డున ఏ రేవు ఎవరిదో తెలుసుకున్నాడు. నాలుగో రోజు ఉదయం వీరవేణే జాలిపడి, "ఊళ్లో నారుమడి ఎండిపోతుందమ్మా" అంది. మహాలక్ష్మమ్మ ఒప్పుకుని, నిమ్మకాయ పచ్చడి జాడీ ఒళ్లో పెట్టుకుని, తనే ముందుగా వెళ్లి కారులో కూర్చుంది. తనూ వాళ్లతో వచ్చి నారుమడి చూసి, మళ్లీ నెలకి గానీ పట్టిసీమ తిరిగి రాదట.