పచ్చగా ఉండమ్మా

పారిపోయి వచ్చినవాళ్ళ ఆ గుడారాల ఊళ్ళో పట్టీ అత్తను మించిన తూనికరాయి లేదు. బిడ్డ ఆమడ దూరాన ఉండగానే ఎముకెంతో, కండెంతో కంటితో కొలిచేస్తుంది. చేతిలో పట్టీ ఉత్త అలంకారం.

ఆ ఉదయమూ బోర్లించిన బకెట్ మీద కూర్చుని, వరసలో వచ్చే పిల్లల జబ్బలకు రంగుల పట్టీ చుట్టి చూస్తోంది. ఎరుపు దగ్గర ఆగితే బిడ్డ చిక్కినట్టు. వేరుశనగ ముద్ద పొట్లాలిస్తారు. పచ్చ దగ్గర ఆగితే కోలుకున్నట్టు, పొట్లాలు బంద్. అందుకే ఆ శిబిరంలో పచ్చ అంటే దీవెన కాదు. కుళాయి దగ్గర జుట్లు పట్టుకునే ఆడవాళ్ళు "నీ బిడ్డ పచ్చబడ!" అని తిట్టుకుంటారు.

గుడారాలకు అతుకులు వేసే కుట్టుపని పిల్ల కొడుకును చంకనేసుకుని వచ్చింది. వాడి జబ్బ కాస్త నిండింది. అత్త ఆనందం పట్టలేక నోరు జారింది.

"పచ్చగా ఉన్నాడే తల్లీ!"

"నీ నోరు మండ! గట్టిగా అనకత్తా. కొంచెం బిగించి చూడు."

"బిగిస్తే ఏడుస్తాడే. సారు వింటాడు."

"పొట్లం ఆగితే రేపట్నించి వాడేం తినాలి? నా సూదా?"

అత్త అటూ ఇటూ చూసి బిగించింది. వాడు కెవ్వుమన్నాడు. కొలతలు సరిచూసే సారు వచ్చి తన చేత్తో మళ్ళీ చుట్టాడు. పచ్చే.

"రూలు నేను పెట్టలేదమ్మా. మళ్ళీ తగ్గితే తీసుకురా," అన్నాడు, తగ్గడమేదో శుభకార్యమైనట్టు.

"తగ్గేదాకా ఎదురుగా కూచుని చూడమంటారా బాబూ?" అంది అత్త.

సారు తల గోక్కుంటూ పక్క వరసకు జారుకున్నాడు.

అత్తకు ఒళ్ళు మండిపోయింది. ఒకప్పుడు తనూ కూతుర్నెత్తుకుని ఇదే వరసలో నిలబడింది. ఆ పిల్ల ఎరుపు దాటనేలేదు. అప్పట్నించీ పచ్చ కనబడితే చాలు, ఆమెకు కడుపు నిండుతుంది. ఆ పచ్చే ఇప్పుడు ఇంకో తల్లి కడుపు కొట్టింది. సాయంత్రంలోగా కళ్ళజోడు రెండుసార్లు విసిరికొట్టి, రెండుసార్లూ తడుముకుని వెతుక్కుంది. కంటితో కొలుస్తుందన్నానే, అదంతా నా కోతే! జోడు లేకపోతే ఆమె బిడ్డనూ బకెట్‌నూ పోల్చుకోలేదు.

తన వంతు బిస్కెట్లు మూటగట్టుకుని కుట్టుపని పిల్ల గుడారానికి వెళ్ళింది. లోపల ఎవరూ లేరు.

"మధ్యాహ్నం లారీ ఎక్కేసిందత్తా," అంది పక్క గుడారం ఆవిడ. "ప్రాణాలు అరచేత పట్టుకుని ఎక్కణ్ణించి పారిపోయి వచ్చిందో, మళ్ళీ అక్కడికే. వద్దంటే వింటేనా! అక్కడ చావునైనా కొలిచి పెట్టరులే అంది."

పిండిసంచిని రెండు పొరలుగా మడిచి, దగ్గర దగ్గరగా కుట్టిన ఉయ్యాల ఒకటి గుడారపు కర్రకు కట్టినట్టే మిగిలిపోయింది. అత్త చూస్తుండగా అది ఇంకా మెల్లగా ఊగుతోంది.

ఊగడం మాత్రం నా కల్పనే. ఆ సాయంత్రం గాలి లేదు. పిండిసంచి ఉయ్యాల ఊరికే వేలాడుతోంది.