బంతి దిగేదాకా

పొద్దున్నే బడి గేటు తాళం తీసేది శాంతకుమారే. కాపలా మనిషి ఉన్నాడు గానీ, కడుపులో టీ పడనిదే కదిలే రకం కాదు. గేటు తీశాక ఆమె మైదానమంతా ఒక చుట్టు తిరిగి, గాజు పెంకులూ పల్లేరు కాయలూ ఏరి కొంగులో వేసుకునేది. కోదాడలో ఆ ఆడపిల్లల బడికి డ్రిల్లు టీచరుగా వచ్చిన నాటి నుంచీ అదే వరస. పిల్లల్లో సగం మందికి చెప్పులు ఉండవు మరి.

మైదానం మూలన ఒంటిగది ఇల్లు ఆమెకు ఇచ్చారు. అందులో ఆమె, చనిపోయిన అక్క కూతురు జమున. పదిహేనేళ్ళ జమునను చూసి "మీ చెల్లెలా?" అని ఎవరన్నా అడిగితే శాంతకుమారి మురిసిపోయేది. పెళ్ళి సంబంధాలు వచ్చినప్పుడల్లా, ఈ పిల్లను ఒక దారికి చేర్చాక చూద్దాంలెండి అని పంపేసేది. ఆ దారి హాకీయేనని ఎప్పుడో తేల్చుకుంది.

ఎనభై ఏడు ఎండాకాలం సెలవుల్లో ఆమె ఆడవాళ్ళకు బంతి హాకీ పోటీలు పెట్టింది. పెద్ద ఆర్భాటమేమీ కాదు, సరదా పోటీలే. సూర్యాపేట నుంచి దవాఖాన నర్సులు వచ్చారు, మిర్యాలగూడ నుంచి రైసుమిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళు, కోదాడ తరఫున బడిపిల్లలు. వస్తామన్న హుజూర్‌నగర్ జట్టు ఆఖరి నిమిషంలో ఎగ్గొడితే, ఆ ఖాళీలోకి నడిగూడెం దగ్గరి తండా నుంచి చాందీ, ఆమె నేస్తురాళ్ళు తుమ్మ కొమ్మలు భుజాన వేసుకొని దిగారు. ఆ కొమ్మలు కొసన వాటంతటవే వంకర తిరిగి ఉన్నాయి, చెక్కాల్సిన పని కూడా లేకపోయింది. బంతిని శాంతకుమారే చేసింది. పాత చీర పేలికలు ఉండచుట్టి, పైన సైకిలు ట్యూబు ముక్కలు బిగించింది.

నియమాలు కూడా ఆమెవే. పుస్తకంలో ఉన్నవి కూలికి పోయే ఆడవాళ్ళకు పనికిరావని తనే కొత్తవి అల్లి, బడి గోడ మీద నీలిమందుతో రాసింది. కర్ర భుజం దాటి లేవకూడదు. బంతిని చేత్తో ముట్టకూడదు. మధ్యలో ఎవరికైనా పని పడితే వాళ్ళ ఇంట్లోవాళ్ళు, ఆడైనా మగైనా, వచ్చి ఆ జాగాలో నిలబడవచ్చు. బంతి నేల మీద పడి, విజిల్ మోగితేనే ఆట అయిపోయినట్టు. ఈలోగా జట్టంతా మైదానం విడిస్తే ఓడినట్టు. తగాదాలు రాకుండా అడుగున ఇంకొకటి చేర్చింది: అంపైరు విజిల్ ఊదకపోతే తప్పు జరగనట్టే. అది రాసేటప్పుడు ఎంతో తెలివైన పని చేసినట్టు అనిపించింది ఆమెకు.

నర్సులూ మిల్లు ఆడవాళ్ళూ నవ్వుకుంటూ ఓడిపోయి బస్సులెక్కారు. ఫైనల్లో కోదాడ, తండా మిగిలాయి. అంపైరు శాంతకుమారే. ఆ రోజు చూడటానికి హైదరాబాద్ నుంచి ఆటల హాస్టల్ కోచ్ సారు ఒకాయన వచ్చాడు. గెలిచిన జట్టు కెప్టెన్‌కు హాస్టల్లో సీటు. చదువూ తిండీ అన్నీ వాళ్ళే చూసుకుంటారు. కోదాడ కెప్టెన్ జమున. తండా కెప్టెన్ చాందీ.

ఆట చివరికొచ్చినా ఎవరూ గోలు చేయలేదు. తండా గోలు ముందు చాందీ బంతి కోసం వంగింది. జమున కర్ర భుజం దాటి, తల దాటి లేచింది. దిగేటప్పుడు చాందీ కుడి మణికట్టు మీద పడి, ఆ తర్వాత బంతికి తగిలింది. అందరి కళ్ళూ బంతి మీదే ఉన్నాయి. కర్రను చూసింది శాంతకుమారి ఒక్కతే. విజిల్ ఆమె పళ్ళ మధ్యనే ఉంది. ఊదడానికి ఊపిరి కూడా తీసుకుంది. ఇంతలో అక్క గుర్తొచ్చింది, హాస్టల్ గుర్తొచ్చింది. ఊదలేదు.

బంతి పైకి లేచి, గోలుకు రెండడుగుల ఇవతల, మనిషి తలంత ఎత్తున గాలిలో ఆగిపోయింది.

దిగుతుందేమోనని అందరూ కాసేపు చూశారు. దిగలేదు. కోచ్ సారుకు బస్సు టైమైంది. "అది గోలు కిందే లెక్కలెండి. జూన్‌లో మీ పిల్లను పంపండి. ఏమైనా మార్పుంటే తెలియజేయండి" అని సంచీ తీసుకొని వెళ్ళిపోయాడు.

తండా వాళ్ళు మాత్రం వెళ్ళలేదు. బంతి నేల మీద పడలేదు, విజిల్ మోగలేదు. గోడ మీద రాసినదంతా వాళ్ళకు చదివి వినిపించింది శాంతకుమారే. కాబట్టి చాందీ తన జాగాలో, మిగతా పిల్లలు వాళ్ళ వాళ్ళ జాగాల్లో నిలబడిపోయారు. తెల్లారి కూలికి పోవాల్సిన వాళ్ళకు బదులు ఇళ్ళ నుంచి మనుషులు వచ్చారు. గోలులో చాందీ నాయనమ్మ గౌరీబాయి, అద్దాల రవికె ఎండకు మెరుస్తుండగా, కర్ర మీద గడ్డం ఆనించి నిలబడింది. చాందీ తండ్రి భద్రు బీడీ కాల్చుకుంటూ ఒక పక్కన నిలబడ్డాడు. వంతుల ప్రకారం కొందరు వచ్చేవాళ్ళు, కొందరు పోయేవాళ్ళు. జాగా మాత్రం ఖాళీ అయ్యేది కాదు. కోదాడ పిల్లలు హాయిగా ఇళ్ళకు పోయారు. జమున ఇల్లు మైదానంలోనే ఉంది గనక కోదాడ జట్టు ఉన్నట్టేనని ఊరు తేల్చేసింది.

ఊరికి ఆ బంతి తొందరగానే అలవాటైంది. గోలీసోడా బండి ఉప్పలయ్య ఎండకు నీడగా తన పట్టాను బంతికి కట్టుకున్నాడు. చేత్తో ముట్టకూడదు కదా, అందుకని దూరం నుంచి తాడు విసిరి ఉచ్చు బిగించాడు. ఎడ్లు వచ్చి కొమ్ములు రుద్దుకునేవి. అడ్డదారిన పోయేవాళ్ళు అక్కడికి రాగానే తల వంచి దాటడం నేర్చుకున్నారు. "బంతి కాడ దించు" అంటే చాలు, రిక్షావాళ్ళు మారు మాట అడక్కుండా తెచ్చి దించేవాళ్ళు.

అలవాటు కానిది శాంతకుమారికే. పొద్దున్నే గాజు పెంకులు ఏరుతుంటే తండా వాళ్ళు వరసగా "దండం మేడం" అనేవాళ్ళు. ఎవరి గొంతులోనూ కోపం లేదు. నాలుగు తిట్లు తిట్టినా ప్రాణం తెరిపిన పడేదేమో. ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయేది. ఆదివారం చర్చిలో ప్రార్థన అపరాధాల దగ్గరికి వచ్చేసరికి పెదాలు మాత్రం కదిపేది. విజిల్‌ను తీసి పెట్టెలో దాచింది. మేడం మెడ బోసిపోయిందేమని పిల్లలు అడిగితే మళ్ళీ వేసుకుంది.

చాందీ మణికట్టు వాచింది. శాంతకుమారి ఆ పిల్లను గుమ్మంలో కూర్చోబెట్టి, సున్నం పసుపూ కలిపి పట్టు వేసింది.

"ఎవరు కొట్టారమ్మా?" అంది. ఎందుకు అడిగిందో ఆమెకే తెలియదు. ఎవరో ఒకరు తనను దొరకబుచ్చుకుంటే బాగుండునన్న ఆశ కావచ్చు.

చాందీ వింతగా చూసింది. "ఎవ్వలు కొట్టలే మేడం. మీరు ఊదలే కద."

"మరి ఈ వాపేమిటి?"

"ఏమో మేడం. గట్లనే వాసింది."

శాంతకుమారి కట్టు బిగించింది. చాందీ ఆ చేత్తోనే మళ్ళీ కర్ర అందుకొని వెళ్ళి తన జాగాలో నిలబడింది. లోపల గోడవారన జమున కోసం కొన్న ఆకుపచ్చ రేకు పెట్టె ఉంది. మూత మీద తెల్ల రంగుతో జమున పేరు కూడా రాయించింది. పెట్టె కొన్నప్పటి నుంచీ ఆ పిల్ల దాని వైపు చూడటం లేదు. సాయంత్రాలు గుమ్మంలో కూర్చొని బంతినే చూసేది. "ఏమ్మా?" అంటే "ఏం లేదు చిన్నమ్మా" అనేది. ఊరు విడిచిపోతున్న బెంగ కాబోలనుకుంది శాంతకుమారి.

జూన్ మొదట్లో తొలకరి పడింది. మైదానమంతా తడిసినా బంతి కింద బంతంత మేర మాత్రం పొడిగా ఉంది. జమున బస్సెక్కడానికి ఇంకా రెండు రోజులుంది. ఆ పొద్దున భద్రు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకొని ఆమె దగ్గరికి వచ్చాడు.

"మేడం, ఒక మాట అడుగుదమని వచ్చిన."

"చెప్పు భద్రన్నా."

"వాన వడ్డది. పదను ఆరకముందే పత్తి ఇత్తనం వెయ్యాలె. తండల అందరం చేన్లకు పోతే గీడ నిలవడనీకి మనిషి దొరకడు. గోడ మీద వానకేమన్న సెలవు రాసిండ్రా?"

శాంతకుమారి గోడ వైపు చూసింది.

"జర మీరు పొమ్మంటే పొయ్యి, ఇత్తనం ఏసి మల్ల వచ్చి నిలవడ్తం. లేదు, పోతే ఓడినట్టే అంటరా, గదన్న చెప్పుండ్రి. ఈ ఏడు చేను బీడు పెడ్తం. పోరి శానా ఆశ పెట్టుకున్నది."

పొమ్మంటే చాలు. పోతారు. జట్టంతా మైదానం విడిచినట్టే. గోడ మీద రాసినదే సాక్ష్యం, ఎవరూ ఒక్క మాట అనరు. జమున బస్సెక్కుతుంది. "పోండి" అన్న మాట ఆమె నాలుక కొస దాకా వచ్చింది కూడా. భద్రు ఆ మాట కోసమే వానలో చేతులు కట్టుకొని నిలబడ్డాడు. అతని వెనక గోలులో గౌరీబాయి గోనెసంచీ కప్పుకొని ఉంది. చాందీ కట్టు కట్టిన చేత్తో కర్ర పట్టుకొని ఇటే చూస్తోంది. ఒకసారి ఊదకుండా ముంచింది. ఇప్పుడు నోరు తెరిచి కూడా ముంచడం ఆమె వల్ల కాలేదు.

విజిల్ నోట్లో పెట్టుకొని ఊదింది. లోపలి గింజ తడికి అంటుకుపోయి ఉత్త గాలి వచ్చింది. మళ్ళీ ఊదింది. ఈసారి బడి గోడలు మోగాయి.

"తప్పు!" అని అరిచింది. "జమున కర్ర భుజం దాటింది. చాందీ చెయ్యి మీద పడింది. నేను చూశాను. ఆ రోజే చూశాను. బంతి కొట్టే వంతు తండాది!"

బంతి తపుక్కున కింద పడి బురదలోకి దొర్లింది. దానితోపాటు సోడాబండి పట్టా కూడా కూలితే, ఉప్పలయ్య కింద నుంచి గొణుక్కుంటూ పాక్కుంటూ బయటికి వచ్చాడు.

జమున గుమ్మంలో నిలబడి అంతా విన్నది. చిన్నమ్మ వైపు ఒకసారి చూసింది. తలుపు వెనక నుంచి కర్ర తీసుకొని, వెళ్ళి కోదాడ గోలులో ఒంటరిగా నిలబడింది.

చాందీ బురదలో బంతిని తోసుకుంటూ ఆ కొస నుంచి ఈ కొస దాకా పరుగెత్తింది. గోలు ముందు కర్రను ఎడమ చేతికి మార్చి కొట్టింది. జమున ఒళ్ళంతా పరిచి అడ్డం పడింది. బంతి ఆమె కర్ర కొసను రాసుకుంటూ లోపలికి పోయింది. కావాలనే వదిలిందని తర్వాత ఊళ్ళో చాలామంది అన్నారు. శాంతకుమారి ఈసారి కళ్ళార్పకుండా చూసింది. జమున వదల్లేదు.

ఆట అయిపోయినట్టు విజిల్ మోగింది. తండా వాళ్ళు గంతులేయలేదు, కేకలు పెట్టలేదు. భద్రు తలగుడ్డ చుట్టుకొని, "ఇగ పోతం మేడం, పదను ఆరిపోతది" అన్నాడు. అందరూ కర్రలు భుజాన వేసుకొని చేన్ల దారి పట్టారు. శాంతకుమారి తడిచీరతోనే పోస్టాఫీసుకు వెళ్ళి, సీటు చాందీదని కోచ్ సారుకు టెలిగ్రాం ఇచ్చింది.

చాందీ బస్సెక్కే రోజున ఆకుపచ్చ పెట్టెను జమునే నెత్తిన పెట్టుకొని బస్టాండుకు మోసింది.

"పేరు చెరపడానికి టైము దొరకలేదు" అంది పెట్టె అందిస్తూ.

"ఉండనియ్" అంది చాందీ. "నీ పేరు గిట్ల నాతోనే వస్తది."

బస్సు వెళ్ళిపోయింది. ఇద్దరూ వెనక్కి నడిచారు. బడి దగ్గర పడుతుండగా శాంతకుమారి ఉండబట్టలేక అంది:

"నీకు అన్యాయం చేశాను జమునా. సీటు పోగొట్టాను."

"సీటుకేముంది చిన్నమ్మా." జమున నేలకేసి చూస్తూ నడుస్తోంది. "నువ్వు చూడలేదనుకున్నా."

శాంతకుమారి ఆగిపోయింది.

"కర్ర ఎత్తింది నాకు తెలుసు. చేతికి తగిలిందని కూడా తెలిసింది. కానీ నువ్వు చూస్తే ఊదుతావు కదా. ఊదలేదు కాబట్టి నేను కొట్టలేదేమోలే అనుకున్నా. ఈ ఎండాకాలమంతా రోజూ అదే అనుకుంటూ పడుకున్నా."

చాందీ కూడా ఈ మాటే అంది. దెబ్బ తిన్న పిల్లా, దెబ్బ కొట్టిన పిల్లా, ఇద్దరూ తమ చేతుల కంటే శాంతకుమారి విజిల్‌నే ఎక్కువ నమ్మారు. సీటు పోయిందని జమున ఏడ్చినా ఆమెకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

గేటు తీసి మైదానంలోకి వచ్చారు. బంతి వేలాడిన చోటికి రాగానే జమున అలవాటు కొద్దీ తల వంచి దాటింది. అక్కడేమీ లేదని గుర్తొచ్చి కొంచెం నవ్వింది కూడా. వెనకే వస్తున్న శాంతకుమారి కూడా తల వంచింది. ఇంటి గుమ్మం దాకా ఎత్తలేదు.