ఉబ్బిన బ్యాటరీ, రెండు క్లాంపులు

పన్నెండు నెలలు పూచీ ఇచ్చి పదమూడో నెలలో చెడిపోయే వస్తువును చేసేవాడు దొంగ. ఇందులో వాదన లేదు. నేను ముప్ఫై ఎనిమిదేళ్ళు తలుపులు చేశాను. ఒక్క తలుపుకూ పూచీ కాగితం రాసివ్వలేదు. ఒక్కటీ వెనక్కి రాలేదు.

మా అమ్మాయి ల్యాప్‌టాప్‌కు అలాంటి కాగితం ఉంది. ఇళ్ళకు ప్లాన్లు గీసే ఆఫీసులో ఆమె ఉద్యోగం. ఒక బడి భవనం ప్లాను మూడు వారాలుగా ఇంట్లోనే కూర్చుని గీస్తోంది. ఒకరోజు పొద్దున నన్ను పిలిచింది.

"నాన్నా, ఇది చూడు. మూత పడట్లేదు."

చూశాను. బల్ల మీద పెడితే కుంటి పీటలా ఊగుతోంది. అడుగు రేకు పొట్టలా ముందుకొచ్చింది. వేలు ఆనించే పలక ఒక అంచున పైకి లేచింది.

"బ్యాటరీ ఉబ్బిందట. ఆఫీసుకి ఫోన్ చేస్తే అస్సలు వాడొద్దన్నారు. నాకివాళ సైటు దగ్గర పని. నువ్వు కంపెనీ షాపులో ఇచ్చి రాగలవా?"

"ఇచ్చి రావడానికి నాకేం రోగం?"

"గొడవ పడకుండా ఇచ్చి రాగలవా అని అడుగుతున్నా."

అచ్చం వాళ్ళమ్మ మాట. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఆవిడ ఉన్నంతకాలం నా కోపమైనా, నా అబద్ధమైనా గుమ్మం దాటలేదు.

కంపెనీ షాపులో కౌంటరు వెనకున్న పిల్ల తలెత్తకుండానే నంబరు కొట్టి చూసింది.

"వారంటీ అయిపోయింది సార్. పంతొమ్మిది రోజులయింది."

"పంతొమ్మిది రోజుల కిందట ఇది శుభ్రంగా ఉందమ్మా. ఉబ్బకముందే ఉబ్బిందని తీసుకురమ్మంటావా?"

"మేమేం చెయ్యలేం సార్. కొత్త బ్యాటరీకి ఆర్డరు పెడతాను. మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా దీన్ని మాత్రం ఇక్కడ వదలకండి. ఉబ్బినవి మేం ఉంచుకోం."

అమ్మేటప్పుడు వాళ్ళ బిడ్డ. చెడిపోయాక నా బిడ్డ. ఆ మాట అక్కడే గట్టిగా అని బయటికొచ్చాను.

మా వీధి చివర ఒక మెకానిక్ ఉన్నాడు. నుదుటి మీద ఎప్పుడూ గుండ్రటి అద్దం ఒకటి కట్టుకుని ఉంటాడని వీధంతా అతన్ని భూతద్దం అంటుంది. అమ్మాయి వాళ్ళ ఆఫీసు కంప్యూటర్లన్నీ అతనే బాగుచేస్తాడు. ఆ ఒక్క ఆఫీసు పనితోనే కొట్టు నడుస్తోందని నాకు తెలుసు. తెలిసే జరిగింది కాబట్టి ఆ సంగతి ముందే రాస్తున్నాను.

భూతద్దం అడుగు రేకు విప్పాడు. లోపల వెండిరంగు సంచులు మూడు, గాలి కొట్టినట్టు బిర్రుగా ఉన్నాయి. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"బాబాయ్, దీన్ని ఇవాళే తీసెయ్యాలి. చార్జింగు పెట్టకూడదు, గుచ్చకూడదు, నొక్కకూడదు. నొక్కితే అంటుకుంటుంది. ఇక్కడ వదిలెళ్ళండి. సాయంత్రానికి బ్యాటరీ తీసేసి ఇస్తా. కొత్తది వచ్చేదాకా చెల్లెమ్మ వైరు పెట్టుకుని పని చేసుకోవచ్చు."

"సాయంత్రం దాకా ఎందుకు?"

"జిగురుతో అతికించి ఉంటుంది. మెల్లగా లేపాలి."

అప్పటికే ఒక షాపులో ఓడిపోయి వచ్చాను. రెండో చోట కూడా ఓడిపోదలచుకోలేదు.

"లోపలి మంచి సామాను తీసేసి చెత్త సామాను బిగించడానికా సాయంత్రం దాకా?" అన్నాను. కొట్లో ఇంకో ఇద్దరున్నారు. విన్నారు.

భూతద్దం నవ్వేశాడు. "ఉన్న సామానుతోనే మా ఇంటావిడ నన్ను బయటికి గెంటేలా ఉంది బాబాయ్. మీది కూడా నేనేం చేసుకోను?"

"మూసి ఇచ్చెయ్."

నవ్వు ఆపి నన్ను చూశాడు. మూసి ఇచ్చాడు. ఇస్తూ మళ్ళీ చెప్పాడు.

"నొక్కొద్దు బాబాయ్. ఇంట్లో కూడా పెట్టొద్దు. ఆరుబయట ఇసుకలో పెట్టండి."

రెండుసార్లు చెప్పాడు.

ఇంటికొచ్చి షెడ్డులోకి వెళ్ళాను. చెక్క ఉబ్బితే మేం మర తిప్పే ఇనుప క్లాంపులు వేసి బిగిస్తాం. ఒకేసారి బిగిస్తే చీలుతుంది. పావు చుట్టు తిప్పి ఆగాలి. అది సర్దుకున్నాక మళ్ళీ పావు చుట్టు. వానకు తడిసి మొండికేసిన తలుపులను ఎన్నింటినో అలా దారికి తెచ్చాను. ఉబ్బిందంటే లోపల ఏదో చేరింది, నొక్కితే పోతుంది. ఊరి బళ్ళో అయిదో తరగతి వరకూ చదివి, ఆ తర్వాత అంతా చెక్క దగ్గరే నేర్చుకున్నవాడికి లోకం అంతే.

క్లాంపు ఇనుప మూతి నేరుగా ఆనితే వస్తువు మీద గీత పడుతుంది. అందుకని మధ్యలో చిన్న చెక్కముక్క పెడతాం. అందరూ నలుచదరపు ముక్క పెడతారు. నేను దాని నాలుగు మూలలూ చెక్కేస్తాను. మూల గుచ్చుకోదు. నాకు పని నేర్పినవాడు కూడా ఇంత జాగ్రత్త పడలేదు.

రెండు క్లాంపులు వేశాను. మొదటి పావు చుట్టుకు ఏమీ కాలేదు. రెండో చుట్టుకు మూత కొంచెం దిగింది. నాకు సంతోషమేసింది. చదువుకున్నవాళ్ళకు చేతకానిది నా చేతిలో అవుతోందనుకున్నాను. మూడో చుట్టుకు బుస్సుమంది. గోళ్ళరంగు లాంటి తియ్యటి వాసన వచ్చింది. ఆ వెనకే పొగ, మంట. షెడ్డు నిండా రంపపు పొట్టు. క్లాంపులతో సహా ఎత్తి పెరట్లోకి విసిరి, గోడ పనికని పోయించిన ఇసుకను పార పట్టుకుని దాని మీద కుమ్మరించాను.

చల్లారాక క్లాంపులు విప్పాను. మసి పోయేలా తోమి, తుడిచి, వాటి మేకులకు తగిలించాను. మాడిన చెక్కముక్కలను పొయ్యిలో పడేశాను. పనయ్యాక ఇంత శుభ్రంగా నేనెప్పుడూ సర్దలేదు. ఏం చెప్పబోతున్నానో అప్పటికే నాకు తెలుసు.

అమ్మాయి వచ్చింది. కాలిపోయినదాన్ని చూడకుండా ముందు నా చెయ్యి పట్టుకుని చూసింది. వెంట్రుకలు మాడి ఉన్నాయి.

"నీకేం కాలేదుగా? ఏమైంది నాన్నా?"

"ఆ భూతద్దం విప్పాడు. విప్పి మళ్ళీ మూసిచ్చాడు. ఇంటికి తెచ్చాక మంట లేచింది."

ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. నిజం ముక్కలను అతికి అబద్ధం తయారుచేశాను. అతుకు కనబడలేదు. నేను మంచి పనివాణ్ణి.

"బడి ప్లాను అందులోనే ఉంది," అంది. "ఈ వారం గీసిందేదీ ఆఫీసుకి పంపలేదు." కళ్ళు తుడుచుకుని ఆ కాలినదాన్ని సంచిలో వేసుకుంది. నన్ను రమ్మనలేదు. నేనే వెంట వెళ్ళాను. ఇంట్లో ఉంటే అక్కడ అతనేం చెప్తాడో నాకు తెలియదు కదా.

కొట్టు ముందు నలుగురున్నారు. అమ్మాయి సంచి బల్ల మీద పెట్టింది.

"ఏంటన్నా ఇది? బ్యాటరీ ఇలా ఉందని చూసి కూడా మూసేసి మా నాన్న చేతిలో పెట్టి పంపిస్తారా? పెద్దాయన. ఏమన్నా అయ్యుంటే?"

భూతద్దం కాలిన మూతను తిప్పి చూశాడు. రెండు చోట్ల రేకు లోపలికి నొక్కుకుపోయి ఉంది. నుదుటి మీది అద్దం కంటికి దించుకుని ఆ గుర్తులు చూశాడు. అద్దం పైకెత్తి నా చేతులు చూశాడు.

"బాబాయ్, నొక్కొద్దని నేను చెప్పానా లేదా?"

"చెప్పలేదు."

అడగ్గానే వచ్చేసింది. తడుముకోలేదు.

"ఆ వయసులో ఆయనకి అబద్ధమాడాల్సిన ఖర్మేంటయ్యా?" అన్నాడు పక్కనున్న ఒకాయన.

భూతద్దం ఆ గుర్తులు అందరికీ చూపించి ఉండొచ్చు. చూపించలేదు. మూతను తిరగేసి పెట్టాడు.

"నాదే తప్పు చెల్లెమ్మా. ఆయన ఇచ్చెయ్యమన్నా నేను ఇవ్వకుండా ఉండాల్సింది. దీన్ని ఇక్కడ వదిలెళ్ళు. లోపల డిస్కు బతికుంటే నీ ప్లాను తీసిస్తా."

నన్ను కాపాడినందుకు అతని మీద నాకు కోపమొచ్చింది. ఎందుకో రాయను. సిగ్గుపడ్డవాడికి తెలుస్తుంది.

అమ్మాయి చెప్పగా విని మర్నాడే ఆఫీసువాళ్ళు మనిషిని పంపి తమ కంప్యూటర్లు తెప్పించుకున్నారు. సరుకులకని అటు వెళ్ళినప్పుడు చూశాను. భూతద్దం ఖాళీ బల్లను గుడ్డతో తుడుస్తున్నాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు. నేను దారి మార్చి చుట్టూ తిరిగి ఇల్లు చేరాను. ఆ తర్వాత రోజూ ఆ చుట్టుదారే.

నాలుగోరోజు అతనే మా ఇంటికొచ్చాడు. అరచేతిలో పట్టే చిన్న డిస్కు ఒకటి, సంచిలో కాలిన ల్యాప్‌టాప్ తెచ్చాడు. "ప్లాను మొత్తం దొరికింది. చెల్లెమ్మకివ్వండి," అన్నాడు. లోపలికి రమ్మని నేననలేదు. అతను ఆగలేదు. సంచీ, డిస్కూ అమ్మాయి బల్ల మీద పెట్టాను. సాయంత్రం వచ్చి చూసుకుంది. "పోనీలే, దొరికింది," అంది. ఆ సంచి చాలాసేపు ఆమె ఒళ్ళోనే ఉంది.

ఎనిమిదోరోజు ఇక తట్టుకోలేకపోయాను. చుట్టుదారి వదిలి తిన్నగా కొట్టుకు నడిచాను. చెప్పాల్సిన మాట దారంతా అనుకుంటూ వెళ్ళాను. వెళ్ళేసరికి బల్ల నిండా కంప్యూటర్లు.

"రండి బాబాయ్," అన్నాడు భూతద్దం.

"ఇవెవరివి?"

"ఆఫీసువే. చెల్లెమ్మ దగ్గరుండి దింపించింది. నా తప్పేం లేదని వాళ్ళ పైవాళ్ళతో చెప్పిందట."

"నువ్వు చెప్పావా తనకి?"

"నేనెందుకు చెప్తాను? కాలిన మూత పట్టుకుని తనే వచ్చింది. ఆ గుర్తులకు ఎనిమిది పక్కలున్నాయంది. మూలలు చెక్కి పెట్టేది మా నాన్నొక్కడే, చిన్నప్పుడు ఆ ముక్కలతో ఇళ్ళు కట్టి ఆడుకున్నాను అంది."

"ఎప్పుడు?"

"మూడు రోజులైంది."

మూడు రోజులు. ఆ మూడు రోజులూ నాకు అన్నం పెట్టింది. మందు బిళ్ళ వేసుకున్నావా అని అడిగింది. షెడ్డులోకి మాత్రం రాలేదు.

అనుకున్న మాటతో ఇక పని లేదు. అయినా అన్నాను.

"నువ్వు చెప్పావు. రెండుసార్లు చెప్పావు."

"తెలుసు బాబాయ్. చెప్పింది నేనే కదా."

బల్ల దగ్గరున్న ఒకడు కిసుక్కుమన్నాడు. భూతద్దం నవ్వలేదు. కూర్చోమని పీట జరిపాడు. నేను కూర్చోలేదు.

"ఈ మాట ఇంట్లో కూడా అనండి," అన్నాడు.

"తనకి తెలుసుగా."

"తెలిస్తే? మీరు చెప్పలేదుగా."

ఇంటికొచ్చాను. ఆఫీసువాళ్ళిచ్చిన ల్యాప్‌టాప్ ముందు అమ్మాయి కూర్చుని ఉంది. బడి ప్లానుకు తలుపులు గీస్తోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"ఏంటి నాన్నా?"

చెప్పడానికి ఇంత కన్నా సులువైన సమయం రాదు. ఆమె చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కుర్చీ నా వైపు తిప్పుకుంది. ఆగింది. నా కోసం అంతసేపు ఎవరైనా ఆగి చాలా కాలమైంది.

"ఏం లేదు," అన్నాను.

"సరే," అని తన పనికి తిరిగింది.

ఒకరికి చెప్పాను. ఇప్పుడు కాగితం మీద పెట్టాను. ఇంతకు మించి నా వల్ల కాదు. నా కూతురడిగినా, ఎవరడిగినా, దీని గురించి ఇక నోరు విప్పను.