ఇరవై శాతం లోపు

చొక్కాకు ఇస్త్రీ చేసి మా ఆయన పెన్షన్ పోగొట్టాను. నిరుడు మిలిటరీ ఆసుపత్రిలో మెడికల్ బోర్డుకు రమ్మంటే, పెళ్లిచూపులకు పంపినట్టు పంపాను. గంజి పెట్టిన తెల్లచొక్కా, నున్నగా గీసిన గడ్డం, పాపిడి తీసిన తల. భర్త నలిగిన బట్టలతో ఆఫీసర్ల ముందు నిలబడితే పేరు పోయేది భార్యకే కదా. లోపల కర్నల్ గారు ఎలా ఉన్నావని అడిగారట. పద్నాలుగేళ్లు ఫౌజులో ఉన్న మనిషి ఆఫీసరుకు ఇంకేం చెబుతాడు? అటెన్షన్‌లో నిలబడి, బాగానే ఉన్నానంటూ "ఠీక్ హూఁ సాబ్" అన్నాడు. నెల తిరక్కుండా కాగితం వచ్చింది. శుభ్రంగా ఉన్నాడు, నెమ్మదిగా మాట్లాడుతున్నాడు, మనోవ్యాధి ఇరవై శాతం లోపు. ఇరవైకి తగ్గితే వైకల్యం పెన్షన్ ఆగిపోతుంది.

సరిహద్దులో బంకరు కూలినప్పుడు మా ఆయన జనార్ధన్ ఒక పగలంతా మట్టి కింద ఉన్నాడు, చనిపోయిన స్నేహితుడి పక్కన. ఒంటి మీద గీత కూడా పడలేదు. అదే వచ్చిన చిక్కు. కాలు పోయుంటే మా అత్తమ్మ ఇంద్రమ్మ కర్మన్‌ఘాట్ దాకా చెప్పుకుని ఏడ్చేది. పోయింది మనశ్శాంతి కాబట్టి, అడిగినవాళ్లకల్లా "గ్యాస్ ట్రబులు" అని చెబుతుంది. "మా ఇంటా వంటా అసొంటిది లేదు. బయట నోరిప్పకు" అని నాకు హెచ్చరిక. కుక్కర్ కూతకు ఆయన ఉలిక్కిపడతాడని నేను గంజి వార్చి అన్నం వండితే, "బీయే చదివిన కోడలు, కుక్కర్ అటక మీద పెట్టి కట్టెపుల్లలా నిలవడి గంజి వంచుతది" అని ఆమే నవ్వుతుంది.

కుక్కర్‌నంటే అటకెక్కించాను. ఎల్.బి. నగర్‌ను ఏ అటకెక్కించను? ఎటు చూసినా ప్లాట్లే, ప్లాటుకో బండ, బండకో తూటా. అందుకే రాళ్లు కొట్టే ముత్తమ్మతో ఒప్పందం చేసుకున్నాను. బండ పేల్చేముందు ఆమె గోడ మీంచి కేకేస్తుంది: "అక్కా, తూట పెట్టిన్రు! అన్నను లోపటికి పిలువు!" నేను ఆయన్ను వంటింట్లోకి పిలిచి, చేట నిండా చిక్కుడుకాయలిచ్చి ఈనెలు తీయమంటాను. రేడియో గొంతు పెంచి, పక్కనే భుజం తగిలేలా కూర్చుంటాను. పేలుడు అయ్యాక ముత్తమ్మకు చెంబెడు మజ్జిగ. ఆయన మాత్రం నాకు చిక్కుడుకాయ కూర మహా ఇష్టమనుకుంటాడు.

పెన్షన్ ఆగిందని తెలిసి బావగారు రామచంద్రం వచ్చారు. బండలు పేల్పించి ప్లాట్లు చేసే వ్యాపారం ఆయనదే. "గింత దానికి పరేషాన్ ఎందుకు స్వరూపా? మా ప్లాట్ల కాడ కాపలా కూసోమను. కుర్చీ ఏస్త, గొడుగు ఏస్త" అన్నారు. అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. నాకు ఆ కుర్చీ కళ్ల ముందు కనిపించింది. దాని పక్కనే పేలే తూటా కూడా. పెన్షన్ కోసం పెట్టిన అప్పీలు గెలవకపోతే ఒకటో తారీఖు నుంచి ఆయన ఆ కుర్చీలో ఉంటాడు.

అప్పీలు టైపు చేసిపెట్టింది దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే జోగారావు గారు, ఫౌజులో గుమస్తాగా చేసి రిటైరయిన కాకినాడాయన. బోర్డు మళ్లీ పిలిచిందనగానే గొంతు తగ్గించి చెప్పారు: "చూడండమ్మా, ఈసారి గడ్డం గీయించకండి. చొక్కా నలిగినదే వేయండి. మనిషిని చూడగానే వాళ్లకే తెలిసిపోవాలండి."

ఆ ఉదయం చొక్కా తాడు మీది నుంచి తీసి అలాగే ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇయ్యాల ఇస్త్రీ చెయ్యలేదేంది?"

"కరెంటు లేదు."

ఆయన తలెత్తి, గిర్రున తిరుగుతున్న ఫ్యాను వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. "ఔ, లేదు" అన్నాడు నెమ్మదిగా. ఆ చొక్కానే తొడుక్కుని, ముడతలను అరచేతులతో కిందికి ఒత్తుకోసాగాడు.

జోగారావు గారి సలహా మంచిదే. నా చేతులే ఒప్పుకోలేదు. చొక్కా విప్పించి బల్ల మీద పరిచాను. "కరెంటచ్చిందా?" అంది అత్తమ్మ గుమ్మంలోంచి. "ఇప్పుడే వచ్చింది అత్తమ్మా" అన్నాను.

ఆసుపత్రిలో తలుపు దగ్గరి జవాను పేషెంటు ఒక్కడే రావాలన్నాడు. మందులు కూడా చూపించాలి బాబూ అని సంచీ పట్టుకుని లోపలికి నడిచాను. కర్నల్ గారు ఎలా ఉన్నావన్నారు. మళ్లీ అటెన్షన్, మళ్లీ "ఠీక్ హూఁ సాబ్".

"నిజమే సార్, ఠీక్‌గానే ఉన్నారు" అన్నాను నా కాలేజీ హిందీలో. "ఎలా ఉన్నారో నేను చెబుతాను." కుక్కర్ సంగతి చెప్పాను. ముత్తమ్మ కేక, మజ్జిగ, రేడియో చెప్పాను. స్నానాల గది తలుపుకు గడియ పీకేయించిన సంగతి, మంచం కింది చీకటి ఆయన కంట పడకుండా దుప్పటి నేల దాకా వేలాడదీసే సంగతి చెప్పాను. నాలుగేళ్లుగా పుట్టింట్లో ఒక్క రాత్రి ఉండలేదని, స్కూల్లో ఉద్యోగం ఇస్తామంటే వద్దన్నానని చెప్పాను. "ఈ చొక్కా కూడా నేనే ఇస్త్రీ చేశాను సార్. మీరు పోయినసారి పరీక్షించింది నా పనిని. ఆయన్ను కాదు."

జనార్ధన్ అటెన్షన్ మరిచిపోయి నా వైపు తిరిగాడు.

"అందుకేనా గన్ని చిక్కుడుకాయలు?" అన్నాడు.

నేను తలూపాను. ఆయన నా చేయి పట్టుకున్నాడు, ఆఫీసరు ముందే.

కర్నల్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇదంతా రాయడానికి ఫారంలో గడి లేదమ్మా."

"లేకపోతే గీయండి సార్."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఫారం తిప్పి, వెనక వైపు ఖాళీలో అడ్డంగా ఒక గీత గీశారు. పేరడిగారు. చెప్పాను. ఏం చేస్తుంటారని అడిగారు. ఇన్నేళ్లూ ఎవరడిగినా, ఏమీ లేదండీ, ఇంట్లోనే ఉంటాను అనేదాన్ని.

"ఇప్పటిదాకా చెప్పిందే సార్" అన్నాను.