నీళ్లు చూపిన పిల్ల

రోశమ్మ ఇంటి ముందు కూర్చుని తడి ఇసుక వేసి పలకరాయి రుద్దుతోంది. మార్కాపురం పలకల కార్ఖానాలో పదేళ్లుగా ఆమె పని అదే. ఇది మాత్రం బడిపిల్లల పలక కాదు, పాలెంలో కొత్తగా తవ్విన బావికి పెట్టబోయే పేరురాయి. దాని మీద 'సుందరరాజు బావి' అని చెక్కించాలని సంఘపెద్దలు తీర్మానించారు. సుందరరాజు ఆమె మొగుడు. సిపాయిగా ఇటలీ యుద్ధానికి పోయి తిరిగొచ్చి ఏడాది కాలేదు.

ఎక్కడ తవ్వాలో బావి పని చూసే ఓవర్సీరుకు వేలు పెట్టి చూపింది అతనే, కాదనలేం. అతనికి చూపింది ఎవరు? అతను లేని నాలుగు వేసవులూ రోశమ్మ వాగు ఇసుకలో చెలమ తీసి, ముంతతో తోడి, ఇంటికి నీళ్లు మోసింది. అందరి చెలమలూ ఎండినా కానుగచెట్టు పక్కన ఆమె తీసింది ఎండలేదు. అన్నం పెడుతూ ఆ మాట చెప్తే, "నీకేం తెలుసులే," అన్నాడు. వారం తిరక్కుండా ఓవర్సీరును అక్కడికే తీసుకుపోయాడు. మూడు నిలువుల లోతుకే నీళ్లు పడ్డాయి. బావికి పేరు సంగతి వచ్చినప్పుడు ఆమె నోరు తెరవబోతే అత్త సువార్తమ్మ అందుకుంది. "మొగుని పేరుంటే నీ పేరున్నట్లే గదమ్మీ. ఇంగేం గావాల?" ఆ నాలుగేళ్లూ అత్త తాగిన నీళ్లు కోడలు మోసినవే. ఆ సంగతి ఆమెకు గుర్తు రాలేదు. రోశమ్మకు మాత్రం ఒళ్లు మండింది.

రాతిపని ఏబేలు ఉలి తీసుకుని వచ్చాడు. సుందరరాజు అతన్ని కూర్చోబెట్టి రోము నుంచి తెచ్చిన బొమ్మకార్డు చూపించాడు.

"దీన్ని ట్రెవీ ఫౌంటెన్ అంటారు. ఆ నీళ్లు రెండువేల ఏళ్ల నాటివంట. సిపాయిలు దప్పికతో అల్లాడతాంటే ఒక పిల్ల ఊట చూపించిందంట. ఆడినించి కాలవ కట్టి పట్నానికి తెచ్చినారు. నేనూ వీపు తిప్పి ఆ నీళ్లలో ఒక డబ్బుబిళ్ల ఏసినా. ఏస్తే మళ్లీ ఆడికే పోతారంట."

రోశమ్మ చేతులు తుడుచుకుని వచ్చి చూసింది. నడిమధ్యన గుర్రాల బండి మీద కండలు తిరిగిన మగమనిషి.

"ఈయనెవురు?"

"సముద్రానికి దేవుడు."

"మరి ఆ పిల్ల?"

"పైన, ఆ మూలన." అతను చూపిన చోట గోరంత బొమ్మ, చెయ్యి చాచి ఉంది.

"ఆ పిల్ల పేరేంది?"

సుందరరాజు నవ్వాడు. "పేరెవురికి తెలుసు? నీళ్లు చూపించింది, పోయింది."

రోశమ్మ చాలాసేపు ఆ చాచిన చేతినే చూసింది. ఎన్ని వేల పలకలు రుద్దిందో లెక్క లేదు. ఒక్కదాని మీదైనా తన పేరు రాసుకోలేదు. మిషను బడిలో రెండో తరగతి దాకా నేర్చిన అక్షరాలు ఇంకా ఉన్నాయో లేవో.

"ఏం చెక్కాల్నో రాసియ్యి అన్నా," ఏబేలు సుందరరాజు వైపు బలపం చాచాడు.

రోశమ్మ ఆ బలపం అందుకుంది. రాయి ముందు కూర్చుని, వంకరటింకరగానే, మూడక్షరాలు పెద్దవిగా రాసింది. సుందరరాజు నవ్వు ఆగిపోయింది.

"ఇదే చెక్కు తమ్ముడా," అంది. "పేరెవురికి తెలుసని రేపు ఎవురూ అనగూడదు."