అప్పలకొండ కట్టిన ట్యాగు

శివనాథ్ నది పొంగి ఒడ్డు ఊళ్ళను ముంచిన ఏడాది గడిచి మరో వానాకాలం. భిలాయికి ఇంటర్నెట్ ఇంకా కొత్త. హథ్‌ఖోజ్ కార్ఖానాల వాడ బురదలో అప్పలకొండ సైకిలు తొక్కుతున్నాడు. చొక్కా లోపల, పొట్టకు ఆనించి, పాల కవరులో చుట్టిన ఫ్లాపీ. అరవై దాటిన మనిషి. సన్నటి కాళ్ళు, మోకాళ్ళ కింద ఉక్కు ప్లాంటు పనిలో పడ్డ నిప్పురవ్వల మచ్చలు. ఈవేళ ఆ కాళ్ళకు అలుపు తెలియడం లేదు.

అతను నౌకరుగా పనిచేసే ఇంటర్నెట్ ఆఫీసులో శ్రీలక్ష్మి మేడమ్ పొద్దున్నే చెప్పింది. ఈ కార్ఖానాల కంప్యూటర్లన్నీ ఒకే లైను మీద ఉన్నాయి. వాటిలో కన్నం ఉందట, దొంగలు దూరుతున్నారట. ఫ్లాపీలో ఉన్నది వేస్తే కన్నం పూడుతుంది. ఒక్కరు వెయ్యకపోయినా ఆ దారినే అందరిలోకీ దూరతారు. కన్నం ఎక్కడుందో అప్పలకొండకు తెలియదు. పూడ్చాలని మాత్రం తెలిసింది. తిరిగి తిరిగి అందరిచేతా వేయించాడు. రామమోహనరావు గారి ఫౌండ్రీ ఒక్కటే మిగిలింది.

అక్కడ కంప్యూటరు చూసే కనకరత్నం అతన్ని చూసి నవ్వింది.

"మళ్ళీ ఒచ్చీసినావా బాబాయ్? కుదరదని పొద్దున్నే సెప్పినాను కాదేటి?"

"ఎందుకు కుదరదమ్మా?"

"లైను ఆపి ఎయ్యాలి కదా. మా సారు ఆగడు. మెయిల్ మెయిల్ అనుకుంటా ఒచ్చి స్విచ్ నొక్కీస్తాడు. కిందటిసారి సగంలో నొక్కీసినాడు, మొత్తం పోనాది. తిట్లు నాకు. ఈసారి పోతే నా నౌకరీయే పోతాది."

అప్పలకొండ బల్ల మీది మిఠాయి డబ్బా ఎర్ర మూత చింపాడు. పెన్ను అడిగి వంకర అక్షరాలతో తన పేరు రాశాడు. మోడెమ్ స్విచ్ ఆపి, ఆ పెట్టె చుట్టూ కట్టుతీగ బిగించి, ఎర్రముక్కను స్విచ్ మీదికి వేలాడదీశాడు.

"ఏటిది బాబాయ్?"

"ట్యాగమ్మా. ప్లాంటులో ఫిట్టరు మిషన్లోకి దూరినప్పుడు స్విచ్‌కి కడతాడు. కట్టినోడు తప్ప ఇంకోడు తియ్యకూడదు. ఎయ్యమ్మా ఫ్లాపీ."

వేసింది. తెర మీద నీలం గీత మెల్లగా సాగుతోంది. సగానికి రాకముందే తలుపు తోసుకుని రామమోహనరావు వచ్చాడు. ప్లాంటులో ఫోర్‌మన్‌గా రిటైరై ఈ ఫౌండ్రీ పెట్టిన మనిషి.

"అరే, మెయిల్ ఆయా క్యా?"

చెయ్యి స్విచ్ మీదికి పోయింది. కనకరత్నం కళ్ళు మూసుకుంది. చెయ్యి ఎర్రముక్క దగ్గర ఆగింది. పేరు చదివాడు. కాలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"లోపల మనిషున్నాడేటి?"

"పని జరుగుతంది బాబూ."

"అచ్ఛా. అయితే టీ తెప్పించమ్మా!"

గీత చివరికంటా నిండింది. "అయిపోనాది బాబాయ్!" కనకరత్నం కుర్చీలోంచి ఎగిరింది. అప్పలకొండ చప్పట్లు కొట్టాడు. వేడి టీ గొంతులో పోసుకుని సైకిలెక్కాడు.

"మేడమ్! అందరూ ఏసీసినారు!" గేటు దగ్గర్నుంచే అరిచాడు. శ్రీలక్ష్మి పరుగున వచ్చి అతని చెయ్యి పట్టుకుని ఊపింది. ఆ చేతిని అంతకు ముందు ఎవరూ అలా పట్టుకోలేదు.

ఆ కొలువులో గడువు తీరి, అదే అతనికి ఆఖరి రోజు. సైకిలు, తాళాలు అప్పజెప్పి ఖుర్సీపార్‌లోని ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న పళ్ళు తోముకుంటూ ఉలిక్కిపడ్డాడు. నోరు పుక్కిలించి, హథ్‌ఖోజ్ దాకా నడకో పరుగో తెలియకుండా వెళ్ళాడు. ఫౌండ్రీలో అందరూ ఆగిపోయిన మోడెమ్ చుట్టూ నిలబడి ఉన్నారు.

"ట్యాగు తియ్యబోతే సారు సెయ్యి మీద కొట్టీసినాడు బాబాయ్!"

"కట్టినోడే కదేటోయ్ తియ్యాలి?" అన్నాడు రామమోహనరావు. "తియ్యి తొందరగా!"

అప్పలకొండ ఎర్రముక్క తీసి జేబులో పెట్టుకుని స్విచ్ నొక్కాడు. మోడెమ్ కీచుమంది. అందరూ ఒక్కసారి కేక పెట్టారు. ఆ సందట్లో అతను వెళ్ళిపోవడం ఎవరూ చూడలేదు.

మోడెమ్ నడుం చుట్టూ, అతని వేళ్ళు మెలిపెట్టిన కట్టుతీగ బిగుసుకుని ఉంది.